రిజిస్టర్‌లో పదమూడేళ్లుగా ‘నిల్’ – కాలేజీలో వివక్ష లేనట్టేనా?

విభాగం: ఉన్నత విద్య – చట్టాలు, హక్కులు

కొత్త కోఆర్డినేటర్ | 3 ఫిబ్రవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక అటానమస్ కాలేజీలో కామర్స్ చెబుతాను, అసోసియేట్ ప్రొఫెసర్‌ని. పోయిన నెల మా ప్రిన్సిపాల్ గారు పిలిచి సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి బాధ్యత రెండూ నాకు అప్పజెప్పారు. ఇంతకుముందు చూసిన సార్ రిటైరయ్యారు. జూన్‌లో న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) బృందం వస్తోంది, ఫైలు రెడీ చేయాలట. బీరువా తాళం చెవి, ఒక అట్ట ఫైలు, ఒక లాంగ్‌ బుక్ చేతికిచ్చారు.

ఆ లాంగ్‌ బుక్కే ఫిర్యాదుల రిజిస్టర్. మొదటి పేజీలో 2012-13 అని రాసి కింద ‘నిల్’. తర్వాతి పేజీ 2013-14, ‘నిల్’. అలా 2024-25 దాకా. ప్రతి పేజీ మీదా కాలేజీ ముద్ర, సంతకం ఉన్నాయి. మధ్యలో నాలుగైదు పేజీలు ఒకే పెన్నుతో, ఒకే రోజు కూర్చుని రాసినట్టు తెలిసిపోతోంది. మా దగ్గర సగానికి పైగా పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు.

ప్రిన్సిపాల్ గారు మంచి మనిషి. ‘మన రికార్డు క్లీన్ మేడం, న్యాక్ వాళ్లకి ఇదే చూపిద్దాం’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పద్దెనిమిదేళ్లుగా అదే కాలేజీలో ఉన్నాను. స్టాఫ్ రూమ్‌లో ఏం మాట్లాడుకుంటారో నా చెవులతో విన్నాను. ఆ పుస్తకంలోని ‘నిల్’ నిజం కాదని నాకు తెలుసు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇలాంటి పని చేసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్ సూపరింటెండెంట్ | 3 ఫిబ్రవరి, రాత్రి 10:25

అమ్మా, మీకు నిద్ర పట్టలేదంటే ఆ కుర్చీకి సరైన మనిషి వచ్చినట్టే.

31 ఏళ్లు ఒక విశ్వవిద్యాలయం పరిపాలనా విభాగంలో పనిచేశాను. ఈ ‘నిల్’ ఎలా పుడుతుందో చెబుతాను. పైనుంచి ఉదయం పదకొండుకి ఈమెయిల్ వస్తుంది, సాయంత్రం నాలుగుకల్లా వివరాలు పంపమని. సెక్షన్‌లో ఎవరికీ ఆ విషయం తెలియదు. పోయినేడాది పంపిన కాగితం వెతికి తీస్తారు, సంవత్సరం మార్చి, సంతకం పెట్టించి పంపేస్తారు. అది అబద్ధం రాస్తున్నామని ఎవరూ అనుకోరు. ‘మా దగ్గరికి ఏమీ రాలేదు కదా’ అనుకుంటారు. రావడానికి దారి ఉందా అని అడిగేవాడు ఆ గదిలో ఉండడు. ఆ కాగితాలు నేనూ పంపాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ముందు ఒక పని చేయండి. పాత పేజీలు చింపొద్దు, దిద్దొద్దు. ఎలా ఉన్నవి అలా ఉంచి, కొత్త పుస్తకం తెరిచి, పేజీలకు నంబర్లు వేసి, మొదటి పేజీలో ‘మొత్తం ఇన్ని పేజీలు’ అని ప్రిన్సిపాల్ గారి చేత రాయించి సంతకం తీసుకోండి. మధ్యలో పేజీ మాయం కాకుండా ఆఫీసుల్లో పాటించే పద్ధతి ఇదే.

హైకోర్టు గడప | 4 ఫిబ్రవరి, ఉదయం 7:15

మేడం, చట్టం సంగతి నేను చెబుతాను. లాయర్‌ని, సర్వీసు కేసులు, విద్యాసంస్థల కేసులు చూస్తాను.

మీ పుస్తకం 2012-13తో ఎందుకు మొదలైందంటే, ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం గురించి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు తెచ్చింది 2012లో. ప్రతి సంస్థా సమాన అవకాశాల విభాగం పెట్టాలి, వివక్ష నిరోధక అధికారిని వేయాలి, ఫిర్యాదు వస్తే 60 రోజుల్లో తేల్చాలి, ఈ వివరాలన్నీ వెబ్‌సైట్లో ఉంచాలి. ఏది వివక్షో అందులో విడమరిచి రాశారు. క్లాసులో పిల్లల కులం పేరు బయటికి చదవడం, ‘రిజర్వుడు కేటగిరీ’ అని ముద్ర వేసి పిలవడం, మార్కులు తక్కువ రావడానికి కులమే కారణమన్నట్టు మాట్లాడటం, మెస్సులో, హాస్టల్లో, ఆటల్లో వేరుగా ఉంచడం, ఇవన్నీ అందులో ఉన్నవే. ఒక్కసారి కూర్చుని చదవండి. చదువుతుంటే మీ స్టాఫ్ రూమ్ కళ్ల ముందు కనబడుతుంది.

అయితే ఏళ్ల తరబడి చాలాచోట్ల అది అల్మారాలోనే ఉండిపోయింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల, 2019 మేలో ముంబయిలో మెడికల్ పీజీ చదువుతున్న పాయల్ తడ్వీ చనిపోయారు. ఆ ఇద్దరి తల్లులు, మన గుంటూరు రాధిక వేముల గారు, మహారాష్ట్ర ఆబిదా తడ్వీ గారు, 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2012 నిబంధనలను కనీసం అమలు చేయించండి అన్నదే వాళ్లు అడిగినదాంట్లో ముఖ్యమైనది. ఉన్న చట్టాన్ని అమలు చేయమని అడగడానికి బిడ్డల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయం మీ కమిటీ మొదటి మీటింగులో చెప్పండి.

ఆ కేసు వల్లే యూజీసీ మొన్న జనవరిలో కొత్త నిబంధనలు తెచ్చింది. అందులో సమానత్వ కమిటీ, 24 గంటల హెల్ప్‌లైన్, ఫిర్యాదు అందిన 24 గంటల్లో కమిటీ కూర్చోవడం, 15 పనిదినాల్లో నివేదిక లాంటివి ఉన్నాయి. ఓబీసీలను కూడా కలిపారు. దానిమీద దేశమంతా గొడవ జరిగింది. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి, మళ్లీ ఆదేశాలు వచ్చేదాకా 2012వే నడవాలని చెప్పింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ‘కోర్టు స్టే ఇచ్చింది కదా, ఇక ఏమీ అక్కర్లేదు’ అని మీ కాలేజీలో ఎవరో ఒకరు అంటారు. స్టే ఇచ్చింది కొత్తవాటి మీద. పాతవి చెక్కుచెదరలేదు.

మూడో హాస్టల్ | 4 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:05

మేడం నమస్తే. నేను ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. ఎక్కడో చెప్పను.

ఫస్టియర్ మొదటి రోజు ఒక సార్ వచ్చి అందర్నీ లేపి పరిచయాలు అడిగారు. పేరు, ఊరు, ఎంసెట్ ర్యాంకు. నా ముందు కుర్రాడు నాలుగు వేలు అన్నాడు. నేను నలభై ఒక్క వేలు అన్నాను. సార్ ఏమీ అనలేదు. ఇలా తల పంకించి పక్కవాడి వైపు తిరిగారు. అంతే. మధ్యాహ్నానికల్లా క్లాసులో ఎవరు ఏమిటో అందరికీ తెలిసిపోయింది. భోజనాల దగ్గర గుంపులు ఆ రోజే ఏర్పడ్డాయి. నాలుగేళ్లయినా మారలేదు.

ఇది ఏ పుస్తకంలో రాయాలి మేడం? సార్ నన్ను తిట్టలేదు, కులం అడగలేదు. ర్యాంకు అడిగారు. ఫిర్యాదు చేద్దామంటే ‘ర్యాంకు అడిగితే తప్పా’ అంటారు.

ఇంకొకటి. స్కాలర్‌షిప్ బయోమెట్రిక్ పడే రోజు ఆఫీసు అటెండరు క్లాసు మధ్యలో తలుపు దగ్గర నిలబడి ‘ఎస్సీ ఎస్టీ వాళ్లు లేచి రండి’ అని పిలుస్తాడు. అరవై మందిలో పద్నాలుగు మందిమి లేస్తాం. తల దించుకుని వెళ్తాం. అటెండర్ మీద నాకు కోపం లేదు, ఆయనా మాలాంటివాడే. ఆ లిస్టు ఆయన చేతికి అలా ఇచ్చినవాళ్లకి తెలియాలి కదా.

కొత్త కోఆర్డినేటర్ | 4 ఫిబ్రవరి, రాత్రి 8:50

తమ్ముడూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. నేనూ మొదటి రోజు ఇంటర్ మార్కులు అడిగేదాన్ని. మంచి ఉద్దేశంతోనే అడుగుతున్నాననుకున్నాను. ఇక అడగను.

మీరు చెప్పిన పిలుపు మా కాలేజీలోనూ ఉంది. ఈరోజే ఆఫీసుకి వెళ్లి చూశాను. స్కాలర్‌షిప్ లిస్టు కేటగిరీతో సహా నోటీసు బోర్డు మీద అంటించి ఉంది. పిల్లల పేరు, పక్కన కులం, పక్కన తండ్రి ఆదాయం. గాజు తలుపు వెనక, అందరూ నడిచే వరండాలో. ఇన్నేళ్లుగా దాని పక్కనుంచే నడిచాను, నాకు కనిపించలేదు.

హైకోర్టు గడప | 4 ఫిబ్రవరి, రాత్రి 9:30

రేపు పొద్దున్నే తీయించండి మేడం. రోల్ నంబర్లు మాత్రం వేసి, మొబైల్‌కి మెసేజ్ పంపిస్తే సరిపోతుంది. దీనికి కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు.

ర్యాంకు గురించి తమ్ముడు అడిగినదానికి: ఒక్క ప్రశ్నను పట్టుకుని కేసు నిలబెట్టడం కష్టం, నిజమే. కానీ సమాన అవకాశాల విభాగం ఉన్నది శిక్షించడానికి మాత్రమే కాదు. ఏడాది మొదట్లో అధ్యాపకులకు ఒక సర్క్యులర్ ఇవ్వొచ్చు, పరిచయాల్లో ర్యాంకు, కేటగిరీ, ఇంటిపేరు వివరాలు అడగొద్దని. రాతపూర్వకంగా ఆ కాగితం వెళ్లాక కూడా అడిగితే అప్పుడది వేరే విషయం అవుతుంది.

వేలి కొనలు | 5 ఫిబ్రవరి, ఉదయం 6:40

మేడం గారూ, అందరూ కులం గురించి మాట్లాడుతున్నారు, అది కావలసిందే. నేను ఇంకో సంగతి చెప్పాలి. నాకు చూపు లేదు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. స్క్రీన్ రీడర్‌తో ఈ చర్చ వింటున్నాను.

మీ కాలేజీ వెబ్‌సైట్లో సమాన అవకాశాల పేజీ ఉండే ఉంటుంది. అందులో ఉన్న పీడీఎఫ్ స్కాన్ చేసిన బొమ్మేనేమో చూడండి. చాలాచోట్ల అంతే. సంతకం, ముద్ర కనబడాలని కాగితాన్ని స్కాన్ చేసి పెడతారు. నా స్క్రీన్ రీడర్ దాన్ని చదవదు. ‘ఖాళీ పేజీ’ అంటుంది. వికలాంగులకు ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే కాగితం వికలాంగుడికి ఖాళీగా వినిపిస్తుంది. టైపు చేసిన ఫైలునే నేరుగా పీడీఎఫ్ చేసి పెడితే చాలు, పైసా ఖర్చు లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. సీటు సంగతి అందరికీ తెలుసు. సీటు వచ్చాక ఏం చేయాలన్నదే ఎవరూ చదవరు. చట్టంలో ‘సముచిత సర్దుబాటు’ అని ఒక మాట ఉంది. మనిషిని బట్టి, అవసరాన్ని బట్టి ఏర్పాటు మార్చడం. అది నిరాకరించడం కూడా వివక్షేనని చట్టమే చెబుతోంది. నేను ఎంఏ చదివేటప్పుడు పరీక్షకి స్క్రైబ్, అంటే నేను చెబితే రాసే మనిషి, కావాలని నెల ముందు దరఖాస్తు పెట్టాను. పరీక్ష రోజు వెళ్తే ‘లెటర్ కనబడటం లేదు’ అన్నారు. నలభై నిమిషాలు వరండాలో నిలబడ్డాను. లోపల అందరూ రాస్తున్న పెన్నుల చప్పుడు వినిపిస్తోంది. చివరికి ఒక ఇంటర్ కుర్రాడిని తెచ్చి కూర్చోబెట్టారు. పోయిన నలభై నిమిషాలు తిరిగి ఇవ్వలేదు. గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు ఉన్నాయి, అవీ ఇవ్వలేదు.

స్క్రైబ్‌ని ఇవ్వాలంటే 40 శాతం వైకల్యం ఉండి తీరాలని పట్టుబట్టేవాళ్లకు 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జవాబు చెప్పింది, వికాశ్ కుమార్ కేసులో. ఆయనకి రాయబోతే వేళ్లు పట్టేసే జబ్బు. 40 శాతం ఉండాలన్నది రిజర్వేషన్ లాంటి వాటికి పెట్టిన హద్దు, సర్దుబాటుకి అది అడ్డు కాకూడదని కోర్టు చెప్పింది. మీ పరీక్షల విభాగం గోడ మీద ఈ తీర్పు సారాంశం అంటించండి మేడం.

రిటైర్డ్ సూపరింటెండెంట్ | 5 ఫిబ్రవరి, ఉదయం 9:10

బాబూ, ‘లెటర్ కనబడటం లేదు’ అన్నారంటే ఆ లెటర్‌కి ఇన్‌వర్డ్ నంబర్ పడలేదన్నమాట. నంబరు పడిన కాగితం పోతే జవాబు చెప్పాల్సినవాడు ఒకడుంటాడు. నంబరు పడని కాగితం పోతే, మీరు అసలు ఇవ్వలేదనే అంటారు. అందరికీ చెబుతున్నాను: దరఖాస్తు ఏదైనా రెండు కాపీలు తీసుకెళ్లండి. రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గరనుంచి కదలకండి.

పిల్లవాడి తండ్రి | 5 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:20

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. మేము ఓసీ. మా అబ్బాయి బీటెక్. జనవరిలో కొత్త నిబంధనలు వచ్చినప్పుడు ఇంట్లో నిజంగా టెన్షన్ పడ్డాం. హాస్టల్లో ఏదో మాటా మాటా అనుకుంటే, అవతలివాడు కులం పేరు చెప్పి ఫిర్యాదు చేస్తే మా వాడి భవిష్యత్తు ఏమిటి? తప్పుడు ఫిర్యాదుకి శిక్ష ముసాయిదాలో ఉండి చివరికి తీసేశారని చదివాను. కుల వివక్ష నిర్వచనంలో మావాళ్లు లేనే లేరు. మా వాడిని ఎవరైనా కులం పేరుతో ఏడిపిస్తే వాడెక్కడికి వెళ్లాలి? పై పోస్టులు చదివాక, ముఖ్యంగా ఆ నోటీసు బోర్డు సంగతి, నాకూ కష్టమనిపించింది. కానీ భయం కూడా నిజమే.

హైకోర్టు గడప | 5 ఫిబ్రవరి, రాత్రి 10:45

అన్నా, అడిగినందుకు సంతోషం. కోర్టు ముందున్న ప్రశ్నల్లో మీ ప్రశ్న కూడా ఉంది, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయను. 2012 నిబంధనల్లో వివక్ష అన్న మాటకి అర్థం కులంతో ఆగదు. మతం, భాష, జాతి మూలం, లింగం, వైకల్యం కూడా అందులోకి వస్తాయి. ర్యాగింగ్‌కి 2009 నుంచీ వేరే నిబంధనలు ఉన్నాయి. మీ అబ్బాయికి వెళ్లడానికి చోటు లేకపోలేదు.

తప్పుడు ఫిర్యాదుల భయం గురించి నా అభిప్రాయం చెబుతాను. శిక్ష అని ముందే రాస్తే మొదట భయపడేది అబద్ధం చెప్పేవాడు కాదు, సాక్షి లేని పిల్ల. ‘రుజువు చేయలేకపోతే నన్నే శిక్షిస్తారా’ అని నోరు మూసుకుంటుంది. మీ అబ్బాయికి అసలైన రక్షణ వేరేచోట ఉంది. సరిగ్గా జరిపే విచారణే ఆ రక్షణ. గోవా విశ్వవిద్యాలయం కేసు చూడండి, 2023 మే. అక్కడొక విభాగాధిపతి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయి. కమిటీ హడావుడిగా విచారణ ముగించింది, ఆయన తన మాట చెప్పుకోవడానికి తగిన సమయం ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆ చర్యను రద్దు చేసి, మళ్లీ సరిగ్గా విచారించమంది. ఎవరు నష్టపోయారు చెప్పండి? ఆయన ఏళ్లపాటు ఆ మచ్చతో ఉన్నాడు. ఫిర్యాదు చేసిన అమ్మాయిలు ఏళ్ల తర్వాత మళ్లీ మొదటికి వచ్చారు. ఇద్దరికీ అన్యాయం చేసింది ఆ కమిటీ తొందర.

ఇంకో లెక్క. దేశంలో 704 విశ్వవిద్యాలయాలు, 1,553 కాలేజీల నుంచి యూజీసీకి అందిన వివరాల ప్రకారం కుల వివక్ష ఫిర్యాదులు 2019-20లో 173, 2023-24లో 378. రెట్టింపు దాటిందని పేపర్లు రాశాయి. నాకైతే 378 అన్న అంకె చూస్తే భయం వేసేది అది తక్కువగా ఉన్నందుకు. ఇన్ని సంస్థల్లో ఏడాదికి అంతేనా? మిగతావన్నీ కొత్త కోఆర్డినేటర్ మేడం చేతిలో ఉన్న లాంగ్‌ బుక్కుల్లాంటివే.

ఐసీ మెంబర్ | 6 ఫిబ్రవరి, ఉదయం 11:30

గోవా మాట వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. ఆరేళ్లుగా మా విశ్వవిద్యాలయం అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఉన్నాను. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల కింద పనిచేసేది. కమిటీ అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి, సగం మంది ఆడవాళ్లు, బయటి సంస్థ నుంచి ఒకరు, విద్యార్థుల విషయమైతే ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, హెచ్‌ఓడీలు సభ్యులుగా ఉండకూడదు. మేడం, మీ కాలేజీ కమిటీ జాబితా తీసి చూడండి. హెచ్‌ఓడీ పేరు లేని జాబితా నాకు తక్కువగా కనబడింది. విద్యార్థి ప్రతినిధులను ఎన్నుకోకుండా క్లాసు టాపర్లను పిలిచి కూర్చోబెడతారు.

సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు. 90 రోజుల్లో విచారణ పూర్తికావాలి. ఈ గడువు పిల్లలకి తెలియదు. ఒకమ్మాయి తొమ్మిది నెలల తర్వాత వచ్చింది. ఎందుకమ్మా ఇంత ఆలస్యం అంటే, ‘ఇంటర్నల్స్ మార్కులు ఆ సార్ చేతిలో ఉన్నాయి మేడం, సెమిస్టర్ అయ్యేదాకా ఆగాను’ అంది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. గడువు దాటిందన్న కాగితం మాత్రం నేనే టైపు చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత మేము చేసిన మొదటి పని, ఫిర్యాదు నడుస్తున్నంతకాలం ఆ విద్యార్థి పేపర్లు, ఇంటర్నల్స్ వేరే అధ్యాపకుడికి మార్చడం. నిబంధనల్లోనే ఆ వీలుంది. వాడేవాళ్లే లేరు.

శాన్‌హోసే నుంచి | 6 ఫిబ్రవరి, రాత్రి 11:55

అమెరికాలో చదువుతున్న తెలుగువాడిని. ఇక్కడ అంతా బాగుందని చెప్పడానికి రాలేదు. ఒక్క పద్ధతి చెబుతాను, పనికొస్తుందేమో చూడండి.

ఇక్కడ వైకల్యం ఉన్న విద్యార్థి మొదట డిజెబిలిటీ ఆఫీసుకి వెళ్తాడు. డాక్టరు కాగితాలు వాళ్లకే ఇస్తాడు. వాళ్లు ప్రొఫెసర్లకి ఒక లెటర్ పంపుతారు. అందులో జబ్బు పేరు ఉండదు. ‘ఈ విద్యార్థికి పరీక్షలో ఒకటిన్నర రెట్లు సమయం, ముందు వరుసలో సీటు’ అని అంతే. ఎందుకని ప్రొఫెసర్ అడగడానికి లేదు. నా రూమ్మేట్ ప్రతి టర్మ్ ఆ లెటర్ పంపించుకుంటాడు. వాడికేం జబ్బో రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్న నాకే తెలియదు. మన దగ్గర సదరం సర్టిఫికెట్ పట్టుకుని ప్రతి సార్ ముందూ నిలబడి కథ మొత్తం చెప్పుకోవాలి.

కులం ఇక్కడికీ వచ్చింది. మనవాళ్ల పార్టీల్లో ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఏ వీధి అని అడుగుతారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 23 క్యాంపస్‌లలో 2022 జనవరి నుంచి వివక్ష నిషేధించే విధానంలో కులాన్ని చేర్చారు. రాష్ట్రమంతటికీ వర్తించేలా శాసనసభ బిల్లు పాస్ చేస్తే, ఉన్న చట్టాలే చాలంటూ 2023 అక్టోబరులో గవర్నరు వెనక్కి పంపారు. ఊరు వదిలి పదమూడు వేల కిలోమీటర్లు వచ్చాక కూడా ఇదే చర్చ జరుగుతోందంటే నాకు చాలా బాధగా ఉంది.

రిటైర్డ్ సూపరింటెండెంట్ | 7 ఫిబ్రవరి, సాయంత్రం 5:40

పిల్లల గురించి బాగా చెప్పారు. వాళ్లకి పాఠం చెప్పేవాళ్ల సంగతి కూడా ఒకటి ఉంది. పక్కదారి అనుకోకండి, రెండూ ఒకటే.

రోస్టర్ అంటే ఖాళీలకు వరుస సంఖ్యలు వేసి, ఏ సంఖ్య ఎవరిదో ముందే నిర్ణయించిన పట్టిక. కేంద్ర సంస్థల్లో చిన్న రోస్టర్‌లో నాలుగో పోస్టు ఓబీసీ, ఏడోది ఎస్సీ, పద్నాలుగోది ఎస్టీ. ఇప్పుడు విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒక లెక్కగా కాకుండా, ఒక్కో డిపార్ట్‌మెంటుని ఒక లెక్కగా తీసుకున్నారనుకోండి. ముగ్గురు ప్రొఫెసర్లున్న డిపార్ట్‌మెంట్‌లో నాలుగో పోస్టే రాదు. ఏడోది, పద్నాలుగోది ఇంకా దూరం. చట్టం ఎక్కడా ఉల్లంఘించలేదు, లెక్క పక్కాగా ఉంది, రిజర్వేషన్ మాత్రం సున్నా. 2017లో అలహాబాద్ హైకోర్టు డిపార్ట్‌మెంటే యూనిట్ అంది, 2018 మార్చిలో యూజీసీ దాన్నే అమలు చేయమంది. దేశమంతా అధ్యాపకులు రోడ్డెక్కారు. 2019లో పార్లమెంటు చట్టం చేసి సంస్థ మొత్తాన్నీ ఒకే యూనిట్ చేసింది. ఆ ఏడాది కాలంలో వచ్చిన నోటిఫికేషన్లు నేను దగ్గరనుంచి చూశాను. అలాంటి కాగితం ఒక్క గీతతో ఎంతమంది బతుకులు మార్చేయగలదో ఆ రోజు అర్థమైంది. స్టాఫ్ రూమ్‌లో తమలాంటి మనిషి ఒక్కరూ లేనిచోట ఆ హాస్టల్ తమ్ముడు ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటాడు?

వేలి కొనలు | 8 ఫిబ్రవరి, ఉదయం 6:15

సార్, ఈ లెక్క ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. సేవ్ చేసుకున్నాను.

పిల్లవాడి తండ్రి | 8 ఫిబ్రవరి, ఉదయం 10:00

లాయర్ గారూ, గోవా కేసు గురించి మీరు చెప్పింది మా అబ్బాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. పనిలో పనిగా వాళ్ల క్లాసులో స్కాలర్‌షిప్ రోజు ఎలా పిలుస్తారని అడిగాను. ‘కేటగిరీ పేరు చెప్పే పిలుస్తారు నాన్నా, ఏం?’ అన్నాడు. వాడు ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. కాసేపు ఇద్దరం మాట్లాడుకున్నాం.

కొత్త కోఆర్డినేటర్ | 24 ఫిబ్రవరి, రాత్రి 9:15

మూడు వారాలుగా రాలేకపోయాను, క్షమించండి. జరిగింది చెబుతాను.

నోటీసు బోర్డు మీది లిస్టు 5వ తేదీ ఉదయమే తీయించాను. ఆఫీసులో మొదట ‘ఎప్పటినుంచో ఉన్న పద్ధతి మేడం’ అన్నారు. మీ కూతురి పేరు పక్కన మీ జీతం రాసి వరండాలో పెడితే ఊరుకుంటారా అని అడిగాను. మారుమాట్లాడలేదు. ఇప్పుడు రోల్ నంబర్లతో మెసేజ్ వెళ్తోంది.

వెబ్‌సైట్లో పేజీ ఉంది, అచ్చం వేలి కొనలు గారు చెప్పినట్టే. వంకరగా స్కాన్ చేసిన బొమ్మ, అందులో రిటైరైన సార్ పేరు, పనిచేయని ల్యాండ్‌లైన్ నంబరు. పదమూడేళ్ల ‘నిల్’కి కారణం నాకు ఆ ఫోన్ నంబరు దగ్గర దొరికింది. దానికి డయల్ చేశాను. ‘మీరు డయల్ చేసిన నంబర్ మనుగడలో లేదు’ అని వచ్చింది. తెలుగులో టైపు చేసి కొత్త ఫైలు పెట్టించాం. వేలి కొనలు గారూ, లింకు మీకు మెసేజ్ చేశాను, ఒకసారి విని చెప్పండి.

ఐసీ మెంబర్ గారు చెప్పినట్టు మా కమిటీ జాబితాలో హెచ్‌ఓడీలు ఇద్దరున్నారు. ప్రిన్సిపాల్ గారికి నిబంధన చూపించాను. ఆయన చాలాసేపు చదివి, ‘ఇది నాకెవరూ చెప్పలేదమ్మా’ అన్నారు. కొత్త జాబితా తయారవుతోంది. కొత్త రిజిస్టర్‌కి 200 పేజీలు, నంబర్లు వేసి ఆయన చేతనే రాయించాను.

11వ తేదీన ఒక్కో సెక్షన్‌కీ వెళ్లి పది నిమిషాలు మాట్లాడాను. నా పేరు, నా గది నంబరు, మొబైల్, 60 రోజుల గడువు, మూడు నెలల గడువు బోర్డు మీద రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. గదికి తిరిగి వచ్చాక ఎవరూ రారేమో అనిపించింది.

18న సాయంత్రం నాలుగున్నరకి ఒకమ్మాయి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి లోపలికి రావడానికి చాలాసేపు ఆలోచించింది. ఏం జరిగిందో, ఎవరి గురించో ఇక్కడ రాయను, రాయకూడదు. కాగితం తీసుకుని, కొత్త పుస్తకంలో 1/2026 అని వేసి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేసి ఆమె చేతికిచ్చాను. ఆ కాపీని ఆమె మడవలేదు. నోట్‌బుక్ మధ్యలో జాగ్రత్తగా పెట్టుకుంది.

ప్రిన్సిపాల్ గారికి చెబితే కొంచెం కంగారు పడ్డారు, ‘న్యాక్ ముందు ఇదేమిటమ్మా’ అని. ఈ పుస్తకమే వాళ్లకి చూపిద్దాం సార్ అన్నాను. ఒప్పుకున్నారు.

రేపు మధ్యాహ్నం రెండు గంటలకు ఆ అమ్మాయి మాట వింటాం, ఎల్లుండి అవతలివారిది, విడివిడిగా. 60 రోజులు ఏప్రిల్ 19తో ముగుస్తాయి. ఆ తేదీ రిజిస్టర్ అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. విచారణ ఎలా రాసిపెట్టాలో లాయర్ గారు ఈ రాత్రికి చెప్పగలిగితే బాగుంటుంది.

హైకోర్టు గడప | 24 ఫిబ్రవరి, రాత్రి 9:50

చెబుతాను మేడం. ముందు ఒక్కటి: ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాయండి. మీ మాటల్లోకి మార్చొద్దు. చదివి వినిపించి సంతకం తీసుకోండి, ఒక కాపీ ఇవ్వండి. మిగతావి మెసేజ్‌లో పంపుతున్నాను.